చెలకల్లో ఆముదం.. యుద్ధ విమానాలకు ప్రాణం

ప్రపంచ యుద్ధాల కాలంలో పాలమూరు పల్లెలు, అంగళ్లు మోసిన భారం

కొల్లాపూర్: యుద్ధం అనగానే సైనికుడు, తుపాకి, విమానం గుర్తుకు వస్తాయి. ఆ విమానం ఇంజిన్ మాడిపోకుండా తిరగడానికి కావలసిన నూనె ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) నాటి విమానాల్లో చాలావాటికి ఆ నూనె ఆముదమే. ఆ రోజుల్లో ప్రపంచ విపణికి ఆముదాలు అందించిన దేశాల్లో భారతదేశానిది తిరుగులేని మొదటి స్థానం. దేశంలో ఆ పంట అత్యధికంగా సాగైన సంస్థానం హైదరాబాద్. ఆ సంస్థానంలో ఆముదానికి పేరుపడిన జిల్లాలు రెండు. ఒకటి నల్గొండ, రెండోది మహబూబ్‌నగర్. నేటి నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల చెలకలు నాడు ఆ పాలమూరు పరిధిలోనివే.

తుపాకి పట్టకుండా, సరిహద్దు దాటకుండా, తాము యుద్ధానికి పని చేస్తున్నామన్న ఎరుక కూడా లేకుండా ఈ ప్రాంతపు రైతులు, కూలీలు, గానుగ కార్మికులు, బండ్లవారు, హమాలీలు రెండు ప్రపంచ యుద్ధాల భారాన్ని మోశారు. సైన్యాల చరిత్రలో వారి ప్రస్తావన లేదు. వారి కష్టం ఎలా మొదలై ఎక్కడిదాకా చేరిందో తెలుసుకోవాలంటే ముందుగా ఆనాటి విమానం ఇంజిన్ గురించి కొంత తెలుసుకోవాలి.

విమానానికి ఆముదమే ఎందుకు?

ఆనాటి తేలికపాటి యుద్ధ విమానాల్లో ఎక్కువగా వాడినది తిరుగుడు ఇంజిన్. నోమ్, లె రోన్, క్లెర్జే వంటి పేర్లతో ఫ్రాన్స్‌లో రూపొందిన ఈ ఇంజిన్లలో ఇరుసు కదలదు. దాని చుట్టూ అమర్చిన సిలిండర్లన్నీ పంకాతో కలిసి గిర్రున తిరుగుతాయి. తిరిగేటప్పుడు తగిలే గాలికే అవి చల్లబడతాయి. నీటి తొట్టి అవసరం లేనందున ఇంజిన్ బరువు తగ్గుతుంది. బ్రిటిష్ వారి సాప్‌విత్ క్యామెల్ విమానం ఈ కోవకు చెందినదే.

అయితే ఈ ఇంజిన్‌లో ఒక చిక్కు ఉంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఇరుసు గది గుండానే సిలిండర్లకు వెళుతుంది. కందెన నూనె ఉండేదీ ఆ గదిలోనే. భూమి నుంచి తీసే ఖనిజ నూనె పెట్రోలులో కరిగి పలచబడుతుంది. పలచబడిన నూనె లోహానికి పట్టుకోదు. లోహం లోహంతో రాసుకొని ఇంజిన్ పట్టేస్తుంది. ఆముదం అలా కాదు. పెట్రోలులో అది అంత సులభంగా కలవదు. చిక్కదనం ఎక్కువ. వేడికి కూడా లోహాన్ని వదలకుండా పొరలా అంటి ఉంటుంది. ఆముదంలో సుమారు 85 నుంచి 90 శాతం వరకు ఉండే రిసినోలిక్ ఆమ్లమే ఈ గుణానికి కారణం. మరే సాధారణ నూనె గింజలోనూ ఈ ఆమ్లం ఇంత మోతాదులో లభించదు.

ఈ ఇంజిన్లలో పోసిన నూనె మళ్లీ తొట్టికి తిరిగి రాదు. పని పూర్తికాగానే పొగతోపాటు బయటకు చిమ్ముతుంది. అందువల్ల ఒక్కో విమానం గంటకు లీటర్ల కొద్దీ ఆముదాన్ని తాగేది. ఆ తుంపర పైలట్ల ముఖాన పడేది, ముక్కులోకీ నోట్లోకీ పోయేది. ఆముదం పుచ్చుకుంటే ఏమవుతుందో పల్లెల్లో పసిపిల్లలకు సైతం తెలుసు. ఆనాటి పైలట్లు కడుపు బాధతో సతమతమైన సంగతి విమానయాన చరిత్రలో ప్రసిద్ధమే. ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ సంస్థ 1909లో విడుదల చేసిన కందెనకు కాస్ట్రాల్ అన్న పేరు ఆముదానికి గల ఆంగ్ల నామం నుంచే వచ్చింది.

శత్రువుకు దొరకని సరుకు

ఆముదం విలువ ఎంతటిదో అది దొరకని జర్మనీ అనుభవం చెబుతుంది. సముద్రంపై బ్రిటిష్ నౌకాదళం దిగ్బంధం విధించడంతో జర్మనీకి భారతదేశపు గింజలు అందకుండా పోయాయి. జర్మన్లు ఖనిజ నూనె నుంచి వోల్టాల్ అనే ప్రత్యామ్నాయాన్ని తయారుచేసి వాడారు. అది ఆముదానికి సాటి రాలేదు. యుద్ధం చివరి రోజుల్లో వారి కొత్త తిరుగుడు ఇంజిన్లు వేడెక్కి చెడిపోవడానికి నాసిరకం కందెనే ముఖ్య కారణమైంది. అంటే తొలకరికి చెలకలో నాటిన గింజ ఐరోపా ఆకాశంలో ఒక పక్షానికి బలంగానూ, మరో పక్షానికి లోటుగానూ పరిణమించింది.

1917లో అమెరికా యుద్ధంలో దిగింది. వేలాది విమానాలు నిర్మించాలని తలపెట్టిన ఆ దేశానికి ఆముదం కొరత ఎదురైంది. ఆసియా నుంచి విత్తనాలు తెప్పించి, ఫ్లోరిడా తదితర దక్షిణ రాష్ట్రాల్లో సుమారు 1,00,000 ఎకరాల్లో సాగు చేయించేందుకు రైతులతో ఒప్పందాలు కుదుర్చుకుంది. ఆ ప్రయత్నం ఆశించినట్లు ఫలించలేదు. 1918లో ఫ్లోరిడా తోటలను బూజు తెగులు తుడిచిపెట్టింది. గెలలపై బూడిద రంగు బూజు కమ్మి, కాయలు కుళ్లి రాలిపోయాయి. ఈ తెగులు పాలమూరు రైతుకు కొత్తది కాదు. గెల వేసే సమయంలో ముసురు పట్టి, గాలిలో తేమ నిలిచిందంటే నేటికీ ఈ ప్రాంతంలో ఆముదాన్ని నాశనం చేసేది అదే. 1980ల రెండో సగంలో మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల రైతులు దీని బారిన పడి తీవ్రంగా నష్టపోయారు. పెట్టుబడి, యంత్రాంగం అన్నీ ఉన్న దేశం ఒక్క ఏడాదిలో చేతులెత్తేసిన పంటను, ఏ అండా లేని చెలక రైతు తరతరాలుగా పండిస్తూ వచ్చాడు.

గింజ వెనుక ఎన్ని చేతులు!

ఆముదం మెట్ట పంట. ఎర్ర చెలక నేలలు, తక్కువ వర్షపాతం దానికి చాలు. వేరు లోతుకు దిగుతుంది గనుక వానలు ముఖం చాటేసినా కొంతైనా చేతికి వస్తుంది. పశువులు మేయవు గనుక కంచె అక్కరలేదు. కందితో కలిపి వేస్తే ఇంటికి పప్పు, అంగడికి గింజ దక్కుతాయి. చెరువు కింద భూమి లేని చిన్న రైతుకు నగదు చూపించే పంట ఇదే. శిస్తు కట్టాలన్నా, సాహుకారు బాకీ తీర్చాలన్నా, ఇంట్లో పెళ్లి చేయాలన్నా ఆముదాలే ఆధారం.

అయితే చేతిపని మాత్రం ఎక్కువ. గెలలన్నీ ఒకేసారి పండవు. ఒక గెల ముదిరితే మరొకటి పచ్చిగానే ఉంటుంది. నాలుగైదు విడతలుగా కోయాలి. కోసిన గెలలను కళ్లంలో ఎండబెట్టి, కట్టెలతో కొట్టి, కాయల నుంచి గింజలు వేరుచేయాలి. ఆ తర్వాత తూర్పారబట్టాలి, చేటలతో చెరగాలి. ఈ పనుల్లో సింహభాగం స్త్రీలదే. దాసరి పురుగు ఆకును తినేస్తున్నప్పుడు చెట్టు చెట్టుకూ తిరిగి చేతితో ఏరివేయడమూ ఇంటిల్లిపాది పనే.

గింజ ఊరు దాటాక పట్టణవాసుల పని మొదలయ్యేది. కొల్లాపూర్, వనపర్తి, గద్వాల వంటి సంస్థాన పట్టణాల అంగళ్లలో తూకం వేసేవారు, గోనె సంచులు కుట్టేవారు, మూటలు మోసే హమాలీలు, ఎద్దుల బండ్లు తోలేవారు, అడ్తిదారులు ఈ వ్యాపారంపై ఆధారపడ్డారు. గానుగ ఆడించే గాండ్లవారు నూనె తీసి స్థానిక అవసరాలు తీర్చేవారు. ఇళ్లలో గింజలను వేయించి, దంచి, నీటిలో మరిగించి పైకి తేలిన నూనెను తీసే పద్ధతి కూడా ఉండేది. దీపానికి, తలకు, బండి ఇరుసుకు, తోలు మోటకు, పసిబిడ్డ మందుకు అన్నింటికీ ఆ నూనే దిక్కు. బండి ఇరుసుకు పూసే ఆముదమే విమానం ఇరుసుకూ పనికి వచ్చిందన్నమాట.

ఎగుమతి అయ్యే సరుకు మాత్రం చాలావరకు గింజ రూపంలోనే వెళ్లేది. కొల్లాపూర్‌కు నేటికీ రైలు మార్గం లేదు. నాడు బండ్లపైనే సరుకు దూరప్రాంతపు మండీలకు చేరాలి. అక్కడి నుంచి రైలులో బొంబాయి రేవుకు, ఓడలో ఇంగ్లండ్‌లోని హల్, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరాల నూనె మిల్లులకు వెళ్లేది. ఊరు దాటిన గింజ అంగడిలో కలిసిపోతుంది. రేవుకు చేరేసరికి దానికి ఊరి పేరు ఉండదు, పండించినవారి పేరు అసలే ఉండదు. ఏ చెలక గింజ ఏ విమానానికి చేరిందో విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. గింజతోపాటే కష్టం చేసినవారి ఆనవాళ్లూ చెరిగిపోవడానికి ఇదే కారణం.

ధర పెరిగినా దక్కినదెంత?

యుద్ధావసరాల కోసం సరుకుల కొనుగోలును ఒక దారిలో పెట్టేందుకు బ్రిటిష్ ప్రభుత్వం 1917లో భారత ఆయుధ సామగ్రి బోర్డును ఏర్పాటు చేసింది. తోళ్లు, గుడ్డ, కలప, నూనెలు వంటి వందలాది వస్తువుల సేకరణ యుద్ధ కార్యంగా మారింది. గిరాకీ పెరిగినప్పుడు పండించినవారికి మేలు జరగాలి. పాలమూరు వంటి ప్రాంతంలో ఆ మేలుకు అడుగడుగునా అడ్డుకట్టలు ఉండేవి.

కొల్లాపూర్ కేంద్రంగా గల జటప్రోలు సంస్థానాన్ని సురభి వంశీయులు పాలించేవారు. గద్వాల, వనపర్తి కూడా అలాంటి సంస్థానాలే. ప్రజలు శిస్తును సంస్థానాధీశులకు చెల్లిస్తే, వారు నిజాంకు పేష్కష్ కట్టేవారు. ఆపై సంస్థానం సరిహద్దు దాటే సరుకుపై కరోడ్‌గిరీ అనే సుంకం ఉండేది. విత్తనం నాటికే అప్పు ఇచ్చిన సాహుకారు పంట చేతికి రాగానే తాను చెప్పిన ధరకు గింజలు కొలుచుకొని పోయేవాడు. బొంబాయి అంగడిలో ధర ఎంత పలికిందో చెలకలోని రైతుకు తెలిసే దారే లేదు.

మరోవైపు యుద్ధం పుణ్యమా అని గుడ్డ, ఉప్పు, కిరోసిన్ ధరలు పెరిగాయి. 1918లో దేశవ్యాప్తంగా వానలు విఫలమయ్యాయి. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి విరుచుకుపడి దేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొంది. ఐరోపాలో ఫిరంగులు మూగబోయే సమయానికి దక్కన్ పల్లెలు ఆకలితోను, జ్వరంతోను పోరాడుతున్నాయి. యుద్ధం ముగిశాక తిరుగుడు ఇంజిన్ల కాలం కూడా క్రమంగా ముగిసింది. 1920ల్లో కొత్త రకం ఇంజిన్లు రావడంతో విమానాలకు ఖనిజ నూనెలే సరిపోయాయి. ఆముదానికి ఏర్పడిన ఆ ప్రత్యేక గిరాకీ వచ్చినట్లే వెళ్లిపోయింది.

రెండో యుద్ధం.. లెవీ ధాన్యం

1939లో మొదలైన రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆముదం పాత్ర మారింది. వాహనాల బ్రేకు ద్రవాలు, యంత్రాల్లో పీడనంతో పనిచేసే ద్రవాలు, తోలు పరిశ్రమ, అద్దకం పనుల్లో దాని వాడకం పెరిగింది. చైనా నుంచి వచ్చే టంగ్ నూనె సరఫరా యుద్ధం వల్ల దెబ్బతినడంతో, రంగులు, వార్నిష్‌ల తయారీకి ఆముదాన్ని రసాయనికంగా మార్చి ప్రత్యామ్నాయంగా వాడారు. నూనె తీయగా మిగిలిన చెక్కలోని రిసిన్ అనే విషంపైనా యుద్ధ ప్రభుత్వాల కన్ను పడింది. బ్రిటన్, అమెరికా దానిని కాంపౌండ్ డబ్ల్యు అన్న రహస్య నామంతో ఆయుధంగా పరీక్షించాయి. యుద్ధరంగంలో మాత్రం ప్రయోగించలేదు. ఆముదపు చెక్కను పశువులకు పెట్టకూడదని, పొలానికి ఎరువుగానే వేయాలని పల్లె రైతుకు అనాదిగా తెలిసిన సంగతి ఈ విషం గురించే.

అయితే ఈసారి ప్రజలను ఎక్కువగా కుంగదీసింది తిండి గింజల సేకరణ. 1942లో బర్మా జపాన్ వశం కావడంతో అక్కడి బియ్యం దిగుమతులు నిలిచిపోయాయి. 1943లో బెంగాల్‌లో ఘోర కరవు సంభవించింది. హైదరాబాద్ ప్రభుత్వం రైతుల నుంచి నిర్ణీత ధరకు నిర్బంధంగా ధాన్యం సేకరించే లెవీ పద్ధతిని అమలు చేసింది. పంట పండినా పండకున్నా లెక్క ప్రకారం ధాన్యం కొలవాల్సి వచ్చింది. పలుకుబడి గల భూస్వాములు పటేల్, పట్వారీల సాయంతో తప్పించుకుంటే, ఆ భారం చిన్న రైతుపై పడింది. తిండికి దాచుకున్న గింజలను లెవీకి అప్పగించి, మళ్లీ అవే గింజలను అధిక ధరకు కొనుక్కున్న కుటుంబాలు తెలంగాణ అంతటా ఉన్నాయి. దీనికితోడు వెట్టి చాకిరి, అక్రమ వసూళ్లు ఎలాగూ ఉన్నవే. ఈ అసంతృప్తే 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత ఊపందుకున్న రైతు ఉద్యమానికి ప్రధాన కారణాల్లో ఒకటైంది.

పట్నంలో వెలసిన కర్మాగారాలు

అదే సమయంలో హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాల్లో యుద్ధకాలపు కొరత కొత్త పరిశ్రమలకు ఊతమిచ్చింది. విదేశాల నుంచి యంత్రాలు, పనిముట్లు రావడం కష్టమైన ఆ రోజుల్లో 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్, 1943లో ప్రాగా టూల్స్ ఆరంభమయ్యాయి. పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకొని వెళ్లినవారికి యంత్రం ముందు నిలబడి పని చేసే అవకాశం లభించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ సంస్థలు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. యుద్ధం మిగిల్చిన మేలు ఏదైనా ఉందంటే నగరానికి దక్కిన ఈ పరిశ్రమలనే చెప్పుకోవాలి. గింజలు పంపిన పల్లెకు మాత్రం అలాంటి కర్మాగారం ఏదీ దక్కలేదు.

విమానంపై పేరు ఎవరిది?

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారికి అందించిన భారీ సాయానికి గుర్తింపుగా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ప్రత్యేక బిరుదులు లభించాయి. 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ దళానికి ఆయన సొమ్ముతో విమానాలు సమకూరాయి. ఆ దళం పేరులో హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన 152వ దళం, హరికేన్ విమానాలు నడిపిన 253వ దళం కూడా హైదరాబాద్ పేరునే ధరించాయి. ఆస్ట్రేలియా నౌకాదళం నడిపిన ఒక యుద్ధనౌకకు నిజాం అన్న పేరే పెట్టారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. నిజాం కానుకగా 110వ దళానికి అందిన డి.హెచ్.9ఏ విమానాలకు ఉన్నవి అమెరికాలో తయారైన లిబర్టీ ఇంజిన్లు. అవి నీటితో చల్లబడేవే తప్ప తిరుగుడు ఇంజిన్లు కావు. పాలకుడి పేరు రాసిన విమానాల కన్నా, ఏ పేరూ లేని వేలాది విమానాల్లోనే హైదరాబాద్ ప్రజల కష్టం నూనెగా మారి మండింది. పైగా నిజాం ఖజానా నుంచి వెళ్లిన సొమ్ముకు మూలం కూడా చెలక రైతు కట్టిన శిస్తే.

నేడు ఆముదం ఎక్కడ?

స్వాతంత్ర్యానంతరం ఆముదం సాగులో శాస్త్రీయ మార్పులు వచ్చాయి. పాత హెచ్‌సీ-6 రకం కోతకు రావడానికి సుమారు తొమ్మిది నెలలు పట్టేది. 1960ల్లో హైదరాబాద్‌లో శాస్త్రవేత్తలు దాని విత్తనాలను న్యూట్రాన్ కిరణాలకు గురిచేసి, నాలుగు నెలల్లోనే పంట చేతికి వచ్చే అరుణ రకాన్ని రూపొందించారు. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం క్రాంతి, కిరణ్, హరిత వంటి రకాలను రైతులకు అందించింది.

అయినా పంట మాత్రం తరలిపోయింది. 1968లో తొలి సంకర ఆముదం జీసీహెచ్-3ను విడుదల చేసిన గుజరాత్, నీటి వసతి తోడుకావడంతో ముందుకు దూసుకెళ్లింది. ప్రపంచ ఆముదం ఉత్పత్తిలో నేడు భారత్‌దే సింహభాగం. అందులో అత్యధికం గుజరాత్‌దే. పాలమూరు చెలకల్లో ఆముదం స్థానాన్ని చాలావరకు పత్తి ఆక్రమించింది. కృష్ణా తీరాన ఉన్న పాత జటప్రోలు, సోమశిల గ్రామాలు శ్రీశైలం జలాశయంలో మునిగిపోవడంతో ఆనాటి పొలాలు కొన్ని కంటికి కూడా కనిపించకుండా పోయాయి.

ఆముదం అవసరం మాత్రం తీరలేదు. జెట్ ఇంజిన్ల తొలితరం కృత్రిమ కందెనల్లో వాడిన సెబాసిక్ ఆమ్లం ఆముదం నుంచి తీసిందే. ప్రత్యేక రకాల నైలాన్, పూతలు, గ్రీజులు, సౌందర్య సాధనాలకు అది నేటికీ ముడిసరుకే. అమెరికా చాలాకాలం దానిని దేశ రక్షణ నిల్వల్లో ఉంచుకుంది. ఒకనాడు దీపపు కుందెలో వెలిగిన నూనెకు అగ్రరాజ్యం ఇచ్చిన విలువ అది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి పసివారైన వృద్ధులు పల్లెల్లో నేడు ఏ కొందరో మిగిలారు. లెవీ ధాన్యం కొలిచిన రోజులు, కళ్లంలో గెలలు కొట్టిన సందడి, గానుగ చుట్టూ తిరిగిన ఎద్దు, రాత్రంతా సాగిన బండ్ల వరుస వారి జ్ఞాపకాల్లో మాత్రమే ఉన్నాయి. సంస్థానాధీశుల చరిత్ర శాసనాల్లో, కోటల్లో భద్రంగా ఉంది. గింజ పండించినవారి చరిత్రకు అలాంటి గోడలు లేవు. పాఠశాలలు, గ్రంథాలయాలు పూనుకొని ఆ పెద్దల మాటలను ఇప్పుడే రాసిపెట్టుకుంటే తప్ప, పాలమూరు చెలక ప్రపంచ యుద్ధానికి చేసిన చాకిరి రేపటి తరానికి తెలిసే దారి లేదు.